గడియ ఎటువైపు ఉండాలి?

మన డిపార్ట్‌మెంట్ విహారయాత్ర ఈసారి కూడా అన్నవరమే అని తేలిపోయింది. సత్యదేవుడి మీద నాకు భక్తి లేక కాదు, ఆ ప్రసాదం కోసమైనా ఎన్నిసార్లయినా వస్తాను. కానీ మూడో సంవత్సరం అక్కలు అడిగింది పాపికొండలు. తల్లిదండ్రుల సమావేశంలో ఆ పేరు ఎత్తగానే హాలంతా గోల అయిపోయిందట. "పడవా? ఆడపిల్లల్నా?" అని ఒకరు అంటే, ఇంకొకరు కచ్చులూరు పేరెత్తారట. ఇక ఎవరూ మాట్లాడలేదు. మేడం గారు కూడా "మనకెందుకమ్మా ఆ బాధ్యత" అనేశారు.

పెద్దవాళ్ళ భయాన్ని నేను తప్పు పట్టను. 2019 సెప్టెంబరులో వారాల తరబడి టీవీలో ఆ రేవునీ ఆ తాళ్ళనీ ఏడుస్తున్న ఆ మనుషుల్నీ చూసినవాళ్ళు "సరే వెళ్ళిరండి" అని ఎలా అంటారు? అయితే వాళ్ళు అడిగిన దాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. "పడవా?" అన్నది ఒకటి, "ఆడపిల్లల్నా?" అన్నది రెండోది. రెండోదానికి జవాబు వెంటనే చెప్పేశారు, పంపం అని. మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మనం ఎక్కకపోయినా వచ్చే ఆదివారం ఆ పడవ వేరేవాళ్ళని ఎక్కించుకుని బయల్దేరుతుంది. దాని తలుపులు ఎలా ఉన్నాయి, ఎంతమంది ఎక్కారు అని ఎవరూ అడగరు. మనల్ని ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల ఆ పడవేం బాగుపడలేదు కదా.

ఈ విషయం మీద నాకు కొంచెం ఎక్కువ పట్టింపు ఉంది. మాది దరియాలతిప్ప. యానాం దాటాక గౌతమి సముద్రం వైపు సాగే చోట ఉంటాం. తిప్ప అంటే ఏరు పోసిన మెరక అని మీకు తెలుసు. దరియా అంటే ఉర్దూలో సముద్రం, నది కూడా. మా ఊరి పేరుకి అసలు వ్యుత్పత్తి ఏదైనా కానీ నాకు మాత్రం అందులో ఆ దరియానే వినిపిస్తుంది. వేటకి వెళ్ళే ఇళ్ళు మాకు ఎక్కువ. పడవ మాకు మీ వీధిలో సైకిల్ లాంటిది. అయినా మా ఊళ్ళో ఈత వచ్చిన ఆడపిల్లల్ని లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్ళు చాలు. మా తమ్ముడు ఆరేళ్ళకే నీళ్ళలో దూకాడు. వాడి వెనకే దూకబోయిన నన్ను మా మామ్మ జడ పట్టుకుని వెనక్కి లాగింది. వాడికి నీళ్ళు ఆట అయ్యాయి, నాకు గండం అయ్యాయి. నీటి పక్కన పుట్టిన మా పరిస్థితే ఇలా ఉంటే, మండపేట నుంచో రామచంద్రపురం నుంచో వచ్చే మీ సంగతి వేరే చెప్పాలా!

2002లో ఎదుర్లంక, యానాం మధ్య బాలయోగి గారి పేరున్న వారధి తెరుచుకునేదాకా అవతలికి వెళ్ళాలంటే పంటు ఎక్కాల్సిందే. పంటు మీద మనుషులతో పాటు సైకిళ్ళు, మేకలు, కొబ్బరికాయల బస్తాలు కూడా వెళ్ళేవని మామ్మ చెప్తుంది. పోటు మీద ఉంటే ఆగాలి, గాలి తిరిగితే ఆగాలి. ఆగడం తెలిసిన సరంగు మంచి సరంగు అని ఆవిడ లెక్క. ఇప్పుడు మనం ఎక్కే టూరు బోట్లలో ఆ లెక్క తారుమారైంది. టిక్కెట్లు అమ్మేశాక ఆగే సరంగు యజమానికి పనికిరాడు.

మాకు దగ్గర్లో జరిగింది పశువుల్లంక. 2018 జులై 14న ఐ.పోలవరం మండలంలో గౌతమి పాయ మీద నావ బోల్తా పడింది. కట్టడం పూర్తికాని వంతెన స్తంభానికి కొట్టుకుంది ఆ నావ. వంతెన పూర్తయి ఉంటే వాళ్ళకి ఆ నావతో పనే లేదు. గల్లంతైనవాళ్ళలో ఎక్కువమంది బడికి వెళ్ళొస్తున్న ఆడపిల్లలు. విహారానికి కాదు, చదువుకోడానికి వెళ్ళి ఇంటికి తిరిగొస్తున్నారు. "ఆడపిల్లల్ని పడవ ఎక్కించం" అన్న మాట లంక గ్రామాల్లో చెల్లదు. అక్కడ పడవ ఎక్కకపోతే బడి మానేయాలి. బతికుంటే వాళ్ళలో పెద్దపిల్లలకి ఈపాటికి డిగ్రీ అయిపోయుండేది. మన కాలేజీలోనే చేరేవారేమో కూడా. ఆ దుర్ఘటన తర్వాత కొన్నాళ్ళు రేవుల్లో జాకెట్లు కనిపించాయి. తర్వాత అవి దండేనికి వేలాడుతూ రంగు వెలిసిపోయాయి.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం దానికి రెండు నెలల ముందు, 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర మునిగిన లాంచీ. అందులో ఉన్నవాళ్ళు టూరిస్టులు కాదు, కొండమొదలు వైపు గిరిజనులు. గాలివాన వచ్చింది. లాంచీలో సిమెంటు బస్తాలు ఉన్నాయి. జల్లు లోపలికి కొట్టకుండా తలుపులూ కిటికీలూ మూసేశారు. ఆ తర్వాత లాంచీ ఒరిగింది, నిమిషాల్లో మునిగింది. బయట ఉన్నవాళ్ళు ఈదుకుంటూ ఒడ్డెక్కారు. ఇరవై మంది దాకా చనిపోయారు, వాళ్ళలో చాలామంది లోపలున్నవాళ్ళే. వాన నుంచి కాపాడుకోడానికి వేసిన తలుపే వాళ్ళకి అడ్డం పడింది. ముందు లోపల కూర్చోబెట్టేది ఎవర్ని అంటారా? చంటిపిల్లల తల్లుల్ని, ముసలివాళ్ళని. "తడుస్తావు, లోపలికి వెళ్ళి కూర్చో" అని మనతో ఎన్నిసార్లు అనలేదు?

ఆ మరుసటి ఏడాదే కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకి పైగా వరద పోతుంటే, రాయల్ వశిష్ట అనే బోటు గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకి బయల్దేరింది. కచ్చులూరు దగ్గర సుడుల్లో పడి తిరగబడింది. 77 మందిలో 26 మందే బతికారు. వాళ్ళని నీళ్ళలోంచి లాగింది ఏ రక్షణ దళమో కాదు, తమ చిన్న పడవలేసుకుని వచ్చిన అక్కడి గిరిజనులు. బోటుని బయటికి తీయడానికి 38 రోజులు పట్టింది. కాకినాడ ధర్మాడి సత్యం గారి మనుషులు లంగర్లతో, తాళ్ళతో అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకి లాగారు. ఆరోజు లోపల ఇంకా శవాలు ఉన్నాయి.

ఇంకో మాట కూడా గుర్తు చేయాలి. అసలు ఎంతమంది ఎక్కారో మొదటిరోజు ఎవరికీ తెలియలేదు. 61 అన్నారు, తర్వాత 70 దాటింది, చివరికి 77 దగ్గర ఆగింది. సినిమాహాల్లో ఎన్ని సీట్లు నిండాయో చెప్పగలం, వరదలో వెళ్ళిన బోటులో ఎంతమంది ఉన్నారో చెప్పలేకపోయాం. పేరు రాసుకోని మనిషి కోసం ఎవరు వెతుకుతారు?

మన ఏసీ బోట్ల సంగతి కొంచెం వివరంగా చూద్దాం. గోదావరి మీద తిరిగే పెద్ద టూరు బోట్లకి కింద ఒక గది, పైన డెక్కు ఉంటాయి. కింది గది ఏసీ అయితే అద్దాలు బిగించేస్తారు, అవి తెరుచుకోవు. లోపలికీ బయటికీ దారి ఒకటో రెండో. పైన పాటలు, డాన్సులు. కొండ కనిపించగానే అందరూ ఒకే పక్కకి పరిగెడతారు ఫోటోల కోసం. పడవ కింద బరువుగా, పైన తేలిగ్గా ఉంటేనే ఒరిగినా మళ్ళీ లేస్తుంది. మనం దాన్ని తల బరువు చేసేస్తాం. ఒరిగిన పడవలో గదిలోకి నీళ్ళొస్తే తలుపు ఎటుందో తెలియదు, అంతా తలకిందులవుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. మూసిన గదిలో జాకెట్ వేసుకుని కూర్చున్నా చాలదు. జాకెట్ పని మనిషిని పైకి తేల్చడం. తలుపు నీటి అడుక్కి వెళ్ళిపోతే, జాకెట్ మనల్ని దానికి దూరంగా పైకప్పుకే అదిమి పెడుతుంది. అందుకే "జాకెట్లు ఇచ్చాం కదా" అన్న మాటతో నేను తృప్తి పడను. జాకెట్ వేసుకోవాలి, కూర్చునే చోటు తెరిచి ఉండాలి. రెండూ కావాలి. ఎక్కువ డబ్బు పెట్టి కొనే ఏసీ సీటే ఆ పడవలో అన్నిటికన్నా చెడ్డ సీటు అని నా అభిప్రాయం. చల్లగా ఉంటుంది, నిజమే.

ఇది నదుల సంగతి. ఇప్పుడు మన తీరానికి పెద్ద ఓడలూ వస్తున్నాయి. 2022 జూన్‌లో కార్డెలియా కంపెనీ ఓడ చెన్నై నుంచి విశాఖకి తిరగడం మొదలుపెట్టింది. 2023లో విశాఖ పోర్టులో దాదాపు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. మన పుదుచ్చేరి కథ మీకు గుర్తుండే ఉంటుంది. 2022లో ఆ ఓడని రానివ్వమన్నారు, 2025 జులైలో రానిచ్చారు. ఓడ దూరంగా సముద్రంలోనే ఆగితే, చిన్న బోట్లలో మనుషుల్ని ఒడ్డుకి చేర్చారు. రెండుసార్లూ గొడవంతా క్యాసినో గురించే. జూదం వస్తుంది, తాగుడు వస్తుంది, సంస్కృతి పాడవుతుంది అని. ఆ చర్చ వద్దనను. కానీ ఒడ్డు నుంచి ఓడ దాకా ఆ చిన్న బోట్లలో ఎంతమందిని ఎక్కిస్తున్నారు, అలలు ఎంత ఎత్తుంటే ఆపేస్తారు, ఓడ మీద ఒక అమ్మాయికి ఏదైనా జరిగితే ఏ స్టేషన్‌కి వెళ్ళాలి అని అడిగిన నాయకుడి మాట ఒక్కటీ నా కంట పడలేదు. పడవ ప్రమాదాలు చూసీ చూసీ ఉన్న యానాం వాళ్ళమైనా అడగాల్సింది.

పెద్ద ఓడ మునగదని కాదు. 2012 జనవరి 13న ఇటలీలో జిలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. ఓడలో నాలుగువేల పైచిలుకు మంది ఉన్నారు, 32 మంది చనిపోయారు. కెప్టెన్ ప్రయాణికులకన్నా ముందే ఓడ దిగిపోయాడు, తర్వాత పదహారేళ్ళ జైలుశిక్ష పడింది. ఆరోజే ఓడ ఎక్కిన దాదాపు 700 మందికి ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూపించే అభ్యాసం ఇంకా జరగలేదు. అప్పటి నియమం ప్రకారం 24 గంటల లోపు చేయిస్తే చాలు. ఆ రాత్రి తర్వాత, ఓడ బయల్దేరకముందో బయల్దేరిన వెంటనేనో చేయించాలని అంతర్జాతీయ నియమం మార్చారు, అది 2015లో అమల్లోకి వచ్చింది. చివరిదాకా దొరకని శవం ఒక భారతీయుడిది. ముంబై వైపు నుంచి వెళ్ళిన వెయిటర్. 2014లో ఓడని విడగొడుతుంటే ఒక గదిలో దొరికాడు.

అయితే పెద్ద ఓడలో ఆడవాళ్ళకి రోజువారీ భయం నీటి నుంచి కాదు, తలుపు నుంచి. ప్రతి క్యాబిన్‌కీ తాళం ఉంటుంది, కానీ ఆ తాళం తీసే కార్డు సిబ్బంది దగ్గర కూడా ఉంటుంది. గది తుడవాలి, దుప్పట్లు మార్చాలి, నిజమే. కానీ ఎవరు ఏ వేళ తీశారు? అమెరికాలో ఓడల మీద మాయమైనవాళ్ళ కుటుంబాలు, అత్యాచారాలకి గురైన ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2010లో ఒక చట్టం వచ్చింది. క్రూయిజ్ ఓడల్లో రక్షణ గురించి ప్రత్యేకంగా చేసిన చట్టం. అందులో ఉన్నవి చదివితే మన హాస్టల్ కమిటీ రాసిందా అనిపిస్తుంది, అంత చిన్న విషయాలు. డెక్కు రెయిలింగు 42 అంగుళాల కన్నా తక్కువ ఉండకూడదు. ప్రతి గది తలుపుకీ మ్యాజిక్ ఐ ఉండాలి. కొత్త ఓడల్లో లోపలి నుంచి వేసుకునే గడియ ఉండాలి. ఏ సిబ్బందికి, ఏ వేళల్లో గదిలోకి వెళ్ళే హక్కు ఉందో రాసి పెట్టాలి. అత్యాచారం జరిగితే పరీక్ష చేయగల వైద్య సిబ్బంది, దానికి కావలసిన సామగ్రి, మందులు ఓడలోనే ఉండాలి. ఫిర్యాదుల పుస్తకం ఉండాలి, పెద్ద నేరాలు వెంటనే ఎఫ్‌బీఐకి చెప్పాలి.

మంటూరు లాంచీలో తలుపు తెరుచుకోక చచ్చిపోయారు, ఆ ఓడల్లో తలుపు ఎవరో తెరవగలగడం వల్ల ఆడవాళ్ళు భయపడ్డారు. రెండు చోట్లా నేను అడిగేది ఒకటే. గడియ లోపలున్న మనిషి చేతిలో ఉండాలి. వేసుకోవడమైనా తీసుకోవడమైనా ఆవిడ ఇష్టం. ఇది అమెరికా వాళ్ళ సౌఖ్యం అనుకోకండి, మన బోట్లలో మరుగుదొడ్డి సంగతి గుర్తుచేసుకోండి. యాభై అరవై మందికి ఒకటి. దానికి గడియ పడదు. స్నేహితురాలు బయట చున్నీ పట్టుకుని నిలబడాలి. అందుకే చాలామంది పొద్దుట నుంచి నీళ్ళు తాగరు, ఎండలో కళ్ళు తిరుగుతాయి. దీన్ని ఎవరూ ప్రమాదం అనరు. నేను అంటాను.

ఓడల్లో ఆడవాళ్ళని ఎక్కడ ఉంచాలన్నది పాత ప్రశ్నే. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మంది కూలీలతో వెళ్ళి నవంబరు 16న డర్బన్ చేరింది. వాళ్ళలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. ఆ కాలపు కూలీ ఓడల్లో ఒంటరి మగవాళ్ళని ముందు భాగంలో, కుటుంబాల్ని నడుమ, ఒంటరి ఆడవాళ్ళని వెనక భాగంలో ఉంచే పద్ధతి ఉండేది. కాగితం మీద చూస్తే రక్షణే. కానీ ఆ ఆడవాళ్ళకి అసలు భయం తోటి కూలీల కన్నా ఓడ సిబ్బంది నుంచే ఉండేదని గాయూత్రా బహదూర్ 2013లో రాసిన 'కూలీ వుమన్' చదివితే అర్థమవుతుంది. మనవాళ్ళు కోరంగి నుంచి, కాకినాడ నుంచి రంగూను వెళ్ళినప్పుడూ అంతే, పేదవాళ్ళకి గదులెక్కడివి? డెక్కు మీదే చాప పరుచుకుని వెళ్ళారు. బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనే పిలిచేవారు, మన పక్క ఊరి పేరుతో. ఆ డెక్కు మీద తల్లులు పిల్లల్ని పెట్టుకుని ఎలా నిద్రపోయారో మన సాహిత్యంలో ఎవరైనా వివరంగా రాశారేమో, మేడం గార్లు చెప్తే చదవాలని ఉంది. ప్రాజెక్టుకి మంచి అంశం కూడా.

ఇక చట్టం ఎవరిది అన్న చిక్కు. సముద్రం మధ్యలో ఓడ మీద ఏ దేశం జెండా ఉంటే ఆ దేశం చట్టం ముందుకొస్తుంది. చాలా క్రూయిజ్ ఓడలు పనామాలోనో బహమాస్‌లోనో నమోదవుతాయి, పన్నులు తక్కువని. 2012లో కేరళ తీరంలో ఇటలీ ఓడ మీద నుంచి కాల్చడం వల్ల ఇద్దరు జాలర్లు చనిపోయారు. ఆ కేసు ఎవరు విచారించాలో తేలడానికే ఏళ్ళు పట్టింది, చివరికి 2021లో 10 కోట్ల పరిహారంతో మన దేశంలో కేసు మూసేశారు. మా తిప్పలో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. అంత దూరం ఎందుకు, యానాం రేవులో ఎక్కి నడి గౌతమికి వెళ్తే ఇటు పుదుచ్చేరి, అటు ఆంధ్ర. అక్కడ పడవ ఒరిగితే ఏ పోలీసులు వస్తారు, ఆ పడవని తనిఖీ చేయాల్సింది ఎవరు? ఇది రేవు దగ్గర బోర్డు మీద రాసి ఉండాలి. 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి 2021లో దేశమంతటికీ కొత్త ఇన్‌ల్యాండ్ వెస్సల్స్ చట్టం తెచ్చారు. రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం, నడిపేవాళ్ళకి అర్హత, బీమా అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాతే, 2023 మే 7న కేరళ తానూరులో చేపల పడవని టూరు బోటుగా మార్చి చీకటి పడ్డాక నడిపితే 22 మంది పోయారు. వాళ్ళలో పిల్లలే ఎక్కువ. 2024 జనవరిలో వడోదర హరణి చెరువులో బడి పిక్నిక్ పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. చట్టం పుస్తకంలో ఉంది, పడవ నీళ్ళలో ఉంది.

కచ్చులూరు తర్వాత ఏమీ జరగలేదనడం కూడా అన్యాయం. మన పక్క రాష్ట్రం ప్రభుత్వం బోట్లు ఆపేసింది, తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు తలపెట్టింది, 2021లో మళ్ళీ అనుమతులిచ్చింది. నదిలో వరద ఎక్కువైతే ఇప్పుడు బోట్లు ఆపుతున్నారు కూడా. అందుకే నేను "వెళ్దాం" అంటున్నాను. సెప్టెంబరులో కాదు, వరద తీశాక, కార్తీకం వెళ్ళాక రద్దీ తగ్గినప్పుడు. కార్తీకమాసం రద్దీ ఎలా ఉంటుందో కృష్ణలో చూశాం. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం, పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు తిరగబడి 22 మంది పోయారు. ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్ళు చాలామంది.

"ఇన్ని చెప్పి మళ్ళీ వెళ్దామంటావేంటే" అని నా పక్క సీటు పిల్ల అడిగింది. అవును, వెళ్దామనే అంటున్నాను. మన ఇళ్ళల్లో రక్షణ అనే మాటకి అర్థం "మానేయ్" అయిపోయింది. సాయంత్రం క్లాసు మానేయ్, పోటీలకి వేరే ఊరు మానేయ్, పడవ మానేయ్. అబ్బాయిల కాలేజీ వాళ్ళు మొన్ననే పాపికొండలు వెళ్ళొచ్చారు, వాళ్ళ బోటు ఫిట్‌నెస్ ఎవరూ అడగలేదు. వాళ్ళకీ ఈత రానివాళ్ళు ఉంటారు. మనం అడిగితే మనకే కాదు, ఆ తర్వాత ఎక్కే వాళ్ళకీ పనికొస్తుంది.

అడగాల్సినవి పెద్ద విద్యలేం కాదు. బుకింగ్ అప్పుడే తనిఖీ పత్రం ఫోటో పంపమనాలి, ఎంతమందికి అనుమతి ఉందో చూడాలి. ఎక్కేముందు మన పేర్ల జాబితా రెండు ప్రతులు రాయాలి, ఒకటి ఒడ్డున ఉండాలి. కింది మూసిన గదిలో ఎవరూ కూర్చోకూడదు, మేడం గార్లతో సహా. జాకెట్ దిగేదాకా తీయకూడదు. భోజనం వేళా తీయకూడదు, ఫోటో వేళ అసలే తీయకూడదు. నారింజ రంగు జాకెట్‌లో అందరం ఒకేలా లావుగా కనిపిస్తాం, కనిపిస్తే కనిపించనీ. చున్నీలు బ్యాగులో పెట్టాలి, ఆరోజుకి చీరలు వద్దు. పడవ కదలకముందు సరంగు చేత తలుపులు చూపించమనాలి, ఏదైనా అయితే ఎటు వెళ్ళాలో అడగాలి. "ఏం కాదమ్మా, ఇరవై ఏళ్ళ నుంచి నడుపుతున్నా" అని ఆయన నవ్వితే ఆ బోటు దిగిపోవాలి. రాత్రి బస వెదురు గుడిసెల్లో అయితే గడియ లోపల ఉందో లేదో ముందే చూడాలి, మరుగుదొడ్డికి దీపం ఉందో లేదో కూడా. వీటికి ఒప్పుకోని యజమానికి మన డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఇంకొకటి కాలేజీనే అడగాలి. పీటీ పిరియడ్‌లో మనకి త్రోబాల్, టెన్నికాయిట్ తప్ప ఇంకేం లేవు. ఈత నేర్పించమని అడుగుదాం. కొలను కట్టమని కాదు. ఊళ్ళో ఉన్న కొలనులో వారానికి రెండుగంటలు ఆడవాళ్ళకి మాత్రమే కేటాయించమని, ఆడ శిక్షకురాలిని పెట్టమని ప్రిన్సిపాల్ మేడం గారి సంతకంతో ఉత్తరం రాస్తే పోయేదేముంది? ముందు నీళ్ళలో ముఖం పెట్టి ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం వస్తే చాలు. కనీసం జాకెట్ బకిళ్ళు బిగించడం అయినా రావాలి. చాలామంది పైది ఒక్కటే పెట్టుకుంటారు, నీళ్ళలో పడగానే జాకెట్ చెవుల దాకా లేచిపోతుంది, మనిషి కిందకి జారిపోతుంది. మా బాబాయి పడవలో రెండు జాకెట్లు ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆయన ఇంటి దగ్గరే వల కుట్టుకుంటూ ఉంటాడు. పరీక్షలయ్యాక ఎవరైనా మా ఊరు వస్తామంటే నాకు చెప్పండి. రేవు దగ్గర నడుం లోతు నీళ్ళలో బిగించి చూపించమంటాను. జడ పట్టుకుని లాగకుండా మా మామ్మని నేను చూసుకుంటాను.

— ద్వితీయ సంవత్సరం బి.ఏ. తెలుగు విద్యార్థిని, దరియాలతిప్ప